గోడ కింద మనిషి

"సైకిలుకు సీటేదమ్మా? దొంగలెత్తుకెళ్లారా?"

ఈ ప్రశ్న అడిగి, మిడత నోటి నుంచి క్షేమంగా బయటపడినవాడు లేడు.

"కూర్చోవడానికి ఇంట్లో కుర్చీ ఉంది. దానికి సైకిలెందుకు?" అనేది.

అసలు పేరు వేరే ఉన్నా, సైకిలుతో సహా గెంతుతుంది కాబట్టి అందరికీ మిడతే. రెండు చక్రాలూ ఒక్కసారిగా లేపి బల్లల మీదికి, బండల మీదికి, గోడల మీదికి ఎక్కడం ఆమె ఆట. ఎక్కడా కాలు ఆనకూడదు. ఆనితే తప్పు.

కోపం ముక్కు మీదే ఉండేది. గేర్ల సైకిలు చూస్తే కోపం. మొదటి అంతస్తుకు లిఫ్టెక్కేవాళ్లను చూస్తే కోపం. సైకిలుకు తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాళ్లంటే మరీ కోపం.

"అంత భయమైతే నెత్తిన పెట్టుకుని తిరగొచ్చుగా!"

అన్నయ్య నవ్వేవాడు. అతను టైల్స్ కంపెనీలో గుమాస్తా. లారీలు రాకముందు, పొద్దున్నే, కంపెనీ వెనకున్న ఖాళీ స్థలంలో చెల్లెలు సాధన చేసుకునేందుకు యజమానిని బతిమాలి ఒప్పించాడు.

అక్కడ మనిషెత్తు గోడ ఉంది. పేర్చిన చెక్కపెట్టెల మీది నుంచి దాని మీదికి గెంతి, చివరిదాకా గెంతుకుంటూ పోవాలి. ఆదివారం సెలక్షన్లో అలాంటి గోడే ఎక్కాలి. ఎక్కితే జట్టులో చోటు. ఆ చోటు కోసమే మిడత ఒళ్లు హూనం చేసుకుంటోంది.

సరిగ్గా ఆ వారమే దాపురించాడు ఆ మనిషి.

నెరిసిన జుట్టు, నలిగిన చొక్కా. తీసి ఉన్న గేటులోంచి వచ్చి గోడ కింద నిలబడ్డాడు, రెండు చేతులూ కాస్త ముందుకు చాచి. ఆమె పైన జరిగితే, కింద తనూ జరుగుతున్నాడు.

"ఏం కావాలండీ మీకు?"

"ఏం వద్దమ్మా. నువ్వు కానివ్వు."

"అడ్డం తప్పుకోండి!"

"అడ్డం రాను. నన్ను చూడకు. ముందుకు చూడు."

మిడతకు ఒళ్లు మండిపోయింది.

"విన్నావా అన్నయ్యా? తను మాత్రం గుడ్లప్పగించి చూస్తాడట, నేను చూడకూడదట!"

"పెద్దాయనేలే. కాసేపు చూసి పోతాడు."

"వయసొస్తే పోకిరీతనం పోతుందని నీకెవరు చెప్పారు?"

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అన్నయ్య తీసే ప్రతి వీడియోలోనూ అడుగున ఆ రెండు చేతులే. వాటిని చూస్తేనే మిడతకు కంపరం.

ఈ ఆట ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి తనంతట తానే నేర్చుకుంది. ఆ వీడియోల్లో కనబడేది సైకిలు, దాని మీద మనిషి, అంతే. కింద ఇలాంటి శాల్తీ ఎక్కడా కనబడలేదు.

శుక్రవారం గోడ మధ్యలో ఉండగా ఆమె చూపు ఆ చేతుల మీద పడింది. తూలి, గోడ మీద కాలు ఆనించింది.

అంతే, అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఎప్పుడు పడతానా, ఎప్పుడు చెయ్యి వేద్దామా అని కాచుక్కూచున్నారా? సిగ్గు లేదూ?"

ఆయన ముఖం పాలిపోయింది.

"అది కాదమ్మా..."

"వాచ్‌మన్!"

వాచ్‌మన్ మెడ పట్టి గెంటుకుపోయాడు. గేటు దగ్గర ఆయన తలతిప్పి అరిచాడు.

"ఒక్కదానివే ఎక్కకమ్మా!"

"చెప్పొచ్చాడు పెద్ద!" అంటూ మిడత సైకిలు అందుకుంది. కోపం చల్లారకముందే గోడెక్కింది. చివర్లో వెనక చక్రం జారింది. కింద సిమెంటు నేల తప్ప ఏమీ లేదు.

మణికట్టు విరిగింది.

ఆదివారం చేతికి కట్టుతో, అన్నయ్యను వెంటబెట్టుకుని సెలక్షన్ మైదానానికి వెళ్లింది. అక్కడ ప్రతి గోడ కిందా ఒక మనిషి నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ కాస్త ముందుకు చాచి.

మిడత నేరుగా జట్టు కోచ్ దగ్గరికి వెళ్లింది.

"వాళ్లెవరు మేడం?" అని కోచ్‌ను అడిగింది. కోచ్ ఒకప్పుడు ఈ ఆటలో పెద్ద ఛాంపియన్.

"పట్టేవాళ్లు. సైకిలు మీదున్నంతసేపూ ముట్టుకోకూడదు. పడితే మాత్రం నేలకు తగలనివ్వకూడదు. కింద వాళ్లు లేకుండా ఇక్కడ ఎవర్నీ గోడెక్కనివ్వం. నీ చెయ్యేమిటి అలా ఉంది?"

"పడ్డాను మేడం. ఇవాళ ఎక్కలేను. కానీ వీడియోలున్నాయి. అవి చూసైనా..."

అన్నయ్య ఫోనిచ్చాడు. కోచ్ చూసింది. చూస్తూ చూస్తూ ఆపేసింది. సైకిలు దగ్గర కాదు, చేతుల దగ్గర.

"ఈయన ఉండగా చెయ్యెలా విరిగింది?"



"ఆయన లేరు మేడం," అన్నాడు అన్నయ్య. "అంతకుముందే... గెంటించేశాం."

కోచ్ కళ్లు ఎర్రబడ్డాయి.

"మీరేనా అది! మెడ మీద ఆ వేళ్ల గుర్తులేమిటంటే ఇప్పటిదాకా నోరు విప్పలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మంచం మాత్రం దిగడం లేదు. 'ఆ పిల్లకి కింద ఎవరూ లేరే' అంటూ రోజూ తెల్లారకముందే చెప్పులేసుకుని బయల్దేరిన మనిషి!"

"ఆయన మీకు..." అంది మిడత.

కోచ్ ఫోను అన్నయ్య చేతిలో పెట్టేసింది.

"నేను గోడలెక్కినన్నాళ్లూ కింద నిలబడింది ఆయనే," అంది. "మా నాన్న."