గొలుసు లేని గ్లాసు

నౌపడ స్టేషను బయట ఒక ముసలాయన కుండతో మంచినీళ్ళు పెట్టాడు. మూత మీద గ్లాసు బోర్లించాడు. దానికి గొలుసు లేదు.

గొలుసు లేని గ్లాసు మనవాళ్ళ కంట పడితే ఇంకేముంది! సాయంత్రానికల్లా మాయం.

మర్నాడు ఇంకొకటి పెట్టాడు. అదీ పోయింది.

ఆయన రంగూన్ నుంచి, మనవాళ్ళ మాటలో రంగం నుంచి, వచ్చేశాడట. నా అన్నవాళ్ళు లేరట. పేరెవరూ అడగలేదు, రంగం తాత అన్నారు. అక్కడ ఇళ్ళ ముందు ఇలాగే దారిన పోయేవాళ్ళకి నీళ్ళు పెడతారని, గ్లాసు ఎవరూ పట్టుకుపోరని చెప్పేవాడు. జనం నవ్వేవారు.

ఉప్పు మోసే కూర్మమ్మ మాత్రం జాలిపడి గొలుసు వెయ్యమంది.

"గొలుసేస్తే దాహమని వొచ్చినోడిని దొంగా అన్నట్టుంటాది తల్లీ," అన్నాడు.

పట్టుకుపోయేది జట్కా తోలే సోములని ఊరందరికీ తెలుసు. ఇంట్లో గ్లాసులు లేక కాదు, సరదా. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు. టీ కొట్టు దగ్గర చెప్పుకుని మరీ మురిసిపోయేవారు.

కొనడానికి డబ్బులు లేకపోయాయేమో, ఒకరోజు ముసలాయన తన సంచిలోంచి పాత ఎనామిల్ గ్లాసు తీసి పెట్టాడు. దాని మీద నెమలి బొమ్మ, తోక దగ్గర పెచ్చు ఊడింది.

సోములు నీళ్ళు తాగి, దాన్ని చంకన పెట్టుకున్నాడు. ముసలాయన మొదటిసారి లేచొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"కావాలంటే కుండట్టుకుపో బాబూ. ఆ గ్లాసొగ్గీ. అది నా పిల్లది."

"పిల్లనొచ్చి అడగమను, ఇచ్చేత్తాను," అని సోములు చెయ్యి విదిలించుకుని బండెక్కాడు.

కొట్టు ముందు జనం గొల్లుమన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా!

తెల్లారేసరికి కుండ ఉంది, మనిషి లేడు. ఏదో రైలెక్కి పోయాడన్నారు. ఎటో ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రం సోములు తల్లి తవిటమ్మ అంట్లు తోముతూ నెమలి బొమ్మ చూసింది. తోక దగ్గర వేలితో తడిమింది. కొడుకుని కేకేసింది.

"ఇదెక్కడిదిరా? ఆ బాబేడిరా?"

స్టేషను ముసలాయనదనీ, ఎటో వెళ్ళిపోయాడనీ చెప్పాడు సోములు.

"రంగంలో బాంబులడిపోతే నిన్ను సంకనేసుకుని కొండలంట నడిసొచ్చినాను కదరా. దాహంతో నీ నాలిక పిడసగట్టుకుపోనాది. తన పిల్లకని దాసుకున్న ఆకరి గుక్క, ఈ గ్లాసుతోటే నీ నోట్లో పోసీనాడు. ఆ పిల్లని ఆ కొండల్లోనే కప్పెట్టీసొచ్చినాడురా."