తూర్పు గది

“తూర్పు గదికి రెండు కిటికీలు పెట్టండి మేడం” అంది భానుశ్రీ.

ప్లాను గీస్తున్న ఆర్కిటెక్టు శాంభవి తలెత్తింది. “ఒకటి చాలదా అక్కా?”

“వచ్చిన గాలి పోడానికి దారుండొద్దా? మా పాపకి ఉబ్బసం. కాస్త ఉక్కపోస్తే చాలు, పిల్లికూతలే.”

శాంభవి నవ్వేసింది. “ఐదేళ్లు కాలేజీలో నాకు చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేశావు కదక్కా!”

ఎనిమిదో తరగతితో బడి మానేసిన భానుశ్రీకి ఆ పూట అన్నం తినకుండానే కడుపు నిండింది.

అది కృష్ణ ఒడ్డు స్థలం. వరదొస్తే మునుగుతుంది. మెరక పోస్తే ఆ నీళ్లు పక్కనున్న పాకల మీద పడతాయి. అందుకే స్తంభాల మీద ఇల్లు. పోయిన వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మోటారు షెడ్డు గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది భానుశ్రీ. స్తంభాలు ఆ చేతికి మూడడుగులు పైకి లేచాయి. సిమెంటు కలిపిన మట్టి ఇటుకల గోడలు, కప్పు మీద తెల్ల పెంకులు, సోలార్ పలకలు. ఏసీ లేకుండానే చల్లగా ఉండాలని.

“చదువుకున్నోళ్లకి నువ్వు చెప్పేదేంటే?” అని కసిరాడు భర్త యేసుకుమార్.

“వాళ్లకేం, గీసి పోతారు. ఊపిరాడంది మన పిల్లకి.”

“బెంగపడకమ్మా, ఆ గది మీ పాపదే” అని దగ్గరుండి కట్టిస్తున్న సంజీవరావు మాటిచ్చాడు. నాలుగేళ్ల అక్షయ బుగ్గ కూడా గిల్లాడు.

గోడలు లేచాక పొద్దునా సాయంత్రం తనే పైపు పట్టి నీళ్లు కొట్టింది భానుశ్రీ. జ్వరమొచ్చినా ఒక్క పూట మానలేదు. కిటికీలు పెట్టిన రోజు పాపని చంకనెత్తుకుని తూర్పు గదిలో నిలబడింది.

“గాలొస్తందా?”

“జుట్టు ఎగురుతందమ్మా!”

ఎల్లుండి గృహప్రవేశం. పాప పరుపు, ఆవిరి మిషను పట్టుకుని భానుశ్రీ మెట్లెక్కింది. తూర్పు గదిలో ఇద్దరు పనివాళ్లు ఇనప స్టాండ్లు బిగిస్తున్నారు.

“ఏంటివి?”

“సోలార్ బ్యాటరీలకమ్మా. వాటికి ఎండ తగలకూడదు, గాలాడాలి. ఇంట్లో ఇంతకన్నా మంచి గది లేదంట.”

పరుపు అక్కడే జారిపోయింది. కిందికి దిగొస్తే శాంభవి మొహం తిప్పుకుంది. “నేను పాపకనే గీశానక్కా...”

భానుశ్రీ నేరుగా వెళ్లి సంజీవరావు ముందు నిలబడింది.

“మాటిచ్చారు కదండీ. ఇప్పుడు నా పిల్ల ఎక్కడ పడుకోవాలి?”

ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు.

“ఆ బ్యాటరీలతో నా ఇంటి చుట్టూ ఎనిమిది కెమెరాలు నడుస్తాయి, ఇంక వాచ్‌మన్‌తో పనిలేదు, ఎల్లుండిలోగా నువ్వూ మీ ఆయనా ఆ మోటారు షెడ్డు ఖాళీ చేసెయ్యండి.”