పిలుపులు లేని పండగ

"ఎవరూ రారు," అన్నాడు రాదిసావ్, కిటికీ తెర కొంచెం పక్కకి లాగి.

"పండగ పూట అలా అనకు. వస్తార్లే," అంది దెసాంక, పొయ్యి మీద చేపల పులుసు కలుపుతూ.

నికొలా పునీతుడి పండగ. తాతల నాటి నుంచి ఆ ఇంటి పండగ అదే. దానికి ఎవర్నీ పిలవరు. గుర్తుపెట్టుకుని వచ్చినవాళ్ళే చుట్టాలు. వచ్చినవాడు ఎలాంటివాడైనా గుమ్మంలోంచి వెళ్ళగొట్టకూడదు. ఇంటాయన రోజంతా కూర్చోకుండా నిలబడే వడ్డించాలి. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది. పక్కనే పంచదార, అక్రోట్లు కలిపిన ఉడికించిన గోధుమలు. వచ్చినవాళ్ళు మొదట అదే ఒక చెంచా తినాలి. చెంచాలు మాత్రం పొద్దుట్నుంచీ పొడిగానే ఉన్నాయి.

గాయకుడు సినిషా మీద వేసవిలో అత్యాచారం కేసు పడింది. స్టేడియాలు నింపే మనిషి. అతనిదీ ఈ ఊరే, కేసు పెట్టిన అమ్మాయిదీ ఈ ఊరే. అతని వెనక కోరస్ పాడేది. కచేరీ అయ్యాక హోటల్ గదిలో జరిగిందంది. అప్పట్నుంచీ రాదిసావ్ గేటు ముందు కెమెరాలు. గోడ మీద ఎవరో బూతు రాసిపోయారు. చిన్ననాటి నేస్తాలు కూడా ఎదురుపడితే అవతలి కాలిబాట ఎక్కేవారు.

"పైకి ఏమన్నా తినడానికి పట్టుకెళ్ళావా?" అడిగాడు.

"పెట్టాను. ముట్టుకోలేదు. కళ్ళకింద నల్లగా... నా బిడ్డ మొహం చూళ్ళేకపోతున్నానయ్యా."

రాదిసావ్ కిటికీ తెర మళ్ళీ మూశాడు.

"సోమవారం కోర్టుకి నిజంగా వెళ్తావా?" అంది ఆమె, గరిట పక్కన పెట్టి.

"వెళ్తాను. విన్నది చెప్తాను."

"ఆ రోజు వంటింట్లో బిడ్డ నీ దగ్గర ఏడ్చింది నాన్నవని. కోర్టులో నలుగురి ముందూ పరవమని కాదు. తండ్రివి కాబట్టి సాక్ష్యం చెప్పనక్కర్లేదని వకీలు కూడా అన్నాడు."

"అన్నాడు."

"అంతా బయటపెట్టాక బిడ్డ బతుకేం కావాలి? మనం ఈ ఊళ్ళో తల ఎలా ఎత్తుకోవాలి?"

"చెప్పకపోతే మాత్రం అదేం బతుకే?"

దెసాంక ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంది. "రొట్టెల కొట్లో ఏమంటున్నారో విన్నావా? అంతటివాడికి ఆడాళ్ళు కరువా అంటున్నారు. ఆ పిల్ల తన కాళ్ళతో తనే గదికి నడిచి వెళ్ళలేదా అంటున్నారు."

"ఆ మాటలు ఈ ఇంట్లో అనకు."

"నేనన్నానా? ఊరంటోంది."

ఊరు. రాదిసావ్ భయమంతా దానితోనే. నలభై ఏళ్ళు రైల్వేలో పనిచేసినవాడు. చదువు తక్కువ, మాట తక్కువ. ఊరంతా ఒకవైపు కూర్చుంటే, ఒక్కడే లేచి రెండోవైపు నోరు విప్పడం తన వల్ల అవుతుందా? సగం మందైనా నిజం వైపు ఉంటే చాలు, చెప్పేయగలననుకున్నాడు. ఎవరు ఎటున్నారో ఇవాళ గడపే చెప్తుంది. పిలవని పండగకి మొహమాటపడి వచ్చేవాడు ఉండడు కదా.

తలుపు చప్పుడైంది.

పక్కింటి ల్యుబింకో. చేతిలో ద్రాక్షసారా సీసా, మంచుకి తడిసిన టోపీ. "పండగ శుభం, ఇంటిపెద్దా!" అని మూడుసార్లు బుగ్గల మీద ముద్దు పెట్టాడు. "ఏంట్రా ఆ మొహం? ఎవరన్నా పోయారా? తలెత్తు! ఆ కెమెరాల వాళ్ళకి జడిసి ఇన్నాళ్ళూ రాలేదు గానీ, మనుషులం ఇంకా చావలేదు."

గోధుమలు నోట్లో వేసుకుంటుండగానే మళ్ళీ తలుపు. ఈసారి పెళ్ళినాటి సాక్షి, తోబుట్టువు కంటే ఎక్కువైన మిలుతిన్, పెళ్ళాం కోడళ్ళతో సహా.

"అన్నా, మీ ఇంటికి జరిగిన అన్యాయం మా ఇంటికి జరిగినట్టే," అన్నాడు మిలుతిన్.

"వదినా, ఏడవకు," అంది అతని పెళ్ళాం దెసాంకతో. "ఏడవాల్సినవాళ్ళు వేరే ఉన్నారు."

తరవాత ముసలి పంతులమ్మ జాగొర్కా కర్ర పొడుచుకుంటూ వచ్చింది. "నేను అక్షరాలు దిద్దించిన బిడ్డ. అబద్ధం ఎరగని బిడ్డ. కావాలంటే కోర్టులో నేనొచ్చి చెప్తాను, నా ఎదురుగా నిలబడి ఎవరు కాదంటారో చూద్దాం!"

"పంతులమ్మని చూస్తే జడ్జీ కూడా గుంజీలు తీస్తాడు," అన్నాడు ల్యుబింకో. ఇల్లంతా నవ్వింది. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో నవ్వు.

ఇక తలుపు మూసే పని పడలేదు. రైల్వే నేస్తాలు, చేపలమ్మే వాళ్ళు, చర్చి పాటగాళ్ళు. ఎవరూ ఊహించని విధంగా పోలీసు అధికారి కూడా వచ్చి, కోటు విప్పకుండానే రాదిసావ్ చెయ్యి గట్టిగా నొక్కి, "ధైర్యంగా ఉండండి, మేమంతా లేమూ!" అన్నాడు.

రాదిసావ్ నిలబడే పోస్తున్నాడు, నిలబడే వడ్డిస్తున్నాడు. గ్లాసు నింపినకొద్దీ భుజాలు కుంగుతున్నాయి. రానివాడు ఎవడన్నా ఉన్నాడా అని గుమ్మం వైపు చూశాడు. లోపల చోటు చాలక జనం వరండాలో, మంచులో నిలబడి తాగుతున్నారు.

"కాస్త కూర్చో అన్నా, పడిపోయేలా ఉన్నావు," అన్నాడు మిలుతిన్.

"కూర్చోకూడదుగా," అన్నాడు రాదిసావ్.

ఖాళీ పులుసు గిన్నెతో వంటింట్లోకి వెళ్తే దెసాంక వెనకే వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. "చూశావా? ఊరు ఊరంతా వచ్చింది! ఇప్పుడు చెప్పు. సోమవారం?"

అతను గిన్నె పొయ్యి పక్కన పెట్టాడు. చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"వెళ్ళను."

"నిజంగానా?"

"తండ్రిని కదా. చెప్పనక్కర్లేదన్నాడుగా వకీలు."

దెసాంక అతని నుదుటి మీద ముద్దుపెట్టి, మెట్ల దగ్గరికి పరుగెత్తింది. "కిందికి రా! అందరూ నీ కోసమే వచ్చారు!" అని కేకేసింది. గదిలో మాటలు ఆగిపోయాయి. కుర్చీలు జరిగాయి. జనం లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు.

సినిషా మేడ దిగి వచ్చి, "నాన్నా" అంటూ రాదిసావ్‌ని కావలించుకున్నాడు.