పదకొండు గంటల వ్యాన్

"వ్యాన్ తాళంచెవి ఎవరు తీశారు?"

వారెన్ ఇంగ్లీషులో అరిచిన మాటను నర్సు పద్మకుమారి తెలుగులో అడిగింది. శిబిరం పెట్టిన బడి వరండాలో అందరూ జేబులు తడుముకున్నారు.

నార్వే నుంచి పొందూరుకు కంటి ఆపరేషన్లు చేయడానికి వచ్చిన వైద్య బృందానికి వారెన్ నాయకుడు. సాయంత్రానికి తుఫాను తీరం దాటుతుందని, పదకొండుకల్లా ఊరు వదలాలని వాళ్ళ దేశం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంకా ముగ్గురు ముసలమ్మలకు ఆపరేషన్ కాలేదు. అయినా పెట్టెలు సర్దేశారు. తీరా చూస్తే తాళం లేదు.

బండికే తాళం వదిలి టీ తాగొచ్చానని డ్రైవర్ దాలయ్య ఒప్పుకున్నాడు. తాళం లేకుండా స్టీరింగ్ తిరగదని కూడా చెప్పాడు. వారెన్ శ్రీకాకుళానికి ఫోన్ చేసి వేరే కారు పిలిపించాడు. రోడ్డు మీద నీళ్ళున్నాయి, మూడు గంటలు పడుతుందన్నారు అవతలివాళ్ళు.

ముగ్గురిలో చివరి పేరు జగ్గమ్మది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది మసక. ఏడాదిగా నూలు పోగు కనపడక రాట్నం అటకెక్కించింది. పొద్దున్నే వ్యాన్ చక్రానికి వీపు ఆనించి కూర్చుంది.

"నా కన్ను బాగవకుండా ఈ బండి ఎలాగ కదుల్తాదో నానూ సూస్తాను."

పద్మకుమారికి ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. వారెన్‌కు మాత్రం చెప్పలేదు.

"మూడు గంటలు ఊరికే కూర్చోవడం ఎందుకు సార్? ఆ ముగ్గురికీ చేసేద్దాం."

"కరెంటు లేదు. జనరేటర్ వెనక్కి పంపేశాం. దేంతో చేస్తారు?"

"ఉన్నదాంతో."

వారెన్ జవాబు కోసం ఆగకుండా పద్మకుమారి, బడిలో మధ్యాహ్న భోజనం వండే గదిలోంచి పెద్ద ప్రెషర్ కుక్కర్ తెప్పించింది. కత్తెరలు, సూదులు అందులో పెట్టి గ్యాస్ పొయ్యి మీదికెక్కించింది. దాలయ్య ఓ ఆటో బ్యాటరీ ఊడదీసి మైక్రోస్కోపు దీపానికి తీగలు కలిపాడు. దీపం వెలిగింది. బృందంలోని డాక్టర్ ఇంగ్రిడ్ గుమ్మం తలకు తగలకుండా వంగి లోపలికొచ్చి చేతులు కడుక్కుంది.

మొదటి ఇద్దరికీ అయిపోయింది. జగ్గమ్మ బల్ల మీద ఉండగా బయట కారు హారన్ మోగింది. వారెన్ తలుపు దగ్గరికొచ్చి ఆపేయమన్నాడు. పద్మకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కన్ను కోసి ఉంది సార్. ఇప్పుడు ఆపితే ఉన్న చూపూ పోతుంది. కారునే ఆగమనండి."

డాక్టర్ తలెత్తలేదు. వారెన్ పళ్ళు కొరుక్కుంటూ వరండాలోకి వెళ్ళి, తాళం దొరక్కపోతే పోలీసులకు అప్పగిస్తానని దాలయ్యను బెదిరించాడు.

ఇరవై నిమిషాల్లో కట్టు కట్టేశారు. పద్మకుమారి జగ్గమ్మను నెమ్మదిగా లేపి బయటికి నడిపించింది. గుమ్మం దాటుతుండగా ముసలమ్మ బొడ్లోంచి ఏదో జారి గచ్చు మీద ఖంగుమంది.

వ్యాన్ తాళం.

వారెన్ దాన్ని తీసుకుని జగ్గమ్మ మొహం ముందు ఆడించాడు. ఈ దొంగతనం ఎందుకు చేసిందో అడగమన్నాడు.

"మామ్మా, తప్పయిపోయిందని ఒక్కమాట అను. మిగతాది నేను చూసుకుంటాను," అని పద్మకుమారి చెవిలో బతిమాలింది.

కంటికి కట్టుతోనే జగ్గమ్మ తల ఎగరేసింది.

"తప్పేటమ్మీ? నాను దాసినాను గానీ తియ్యలేదు. పొద్దున నా సేతిలో ఎట్టి, నోటి మీద ఏలేసుకుని ఉష్ అన్నాది. మసక కన్నైతే మాత్రం, అంత పొడుగు ఆడమనిషిని గురుతు పట్టనేటి? సెప్పు మీ దొరకి. తాళం తీసింది మీ డాక్టరమ్మే."