పై పోర్షన్ ఆవిడ

ఈ నెల కూడా పై పోర్షన్ అద్దె రాలేదు. జాన్ బాషా షాపు నుంచి వస్తూనే ఇంట్లోకి కూడా వెళ్లకుండా మెట్లెక్కాడు.

పర్చూరులో అతనికి మోటార్ల రిపేరు షాపుంది. మిరపకు నీళ్లు పెట్టే రోజుల్లో అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. ఆ గిరాకీ చూసుకునే ధైర్యంగా బ్యాంకు లోను తీసి మేడ వేశాడు. కింద తనూ, భార్య జుబేదా. పైన అద్దెకు జయకుమారి. రిటైరైన నర్సు, ఒంటి మనిషి. ఆవిడ అద్దె చేతికొస్తే గాని అతను లోను వాయిదా కట్టలేడు.

తలుపు కొట్టగానే తీసింది.

“రండి బాషా గారూ, కూర్చోండి. టీ పెడతాను.”

“టీకి రాలేదండి సిస్టర్ గారూ. అద్దె సంగతి...”

“ఇస్తానండి. ముందు కూర్చోండి.”

కూర్చోక తప్పలేదు. టీతో పాటు వేడివేడి పకోడీ వచ్చింది. షాపు ఎలా నడుస్తోందని అడిగింది. జుబేదా మోకాళ్ల నొప్పులు తగ్గాయా అని అడిగింది. గుంటూరు యార్డులో మిరపకాయల రేటు కూడా అడిగింది. అద్దె మాట ఎత్తబోతే గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. చివరికి, “ఆదివారం రండి, ఇస్తాను” అంది.

ఆదివారం వెళ్తే మంగళవారం అంది. మంగళవారం ఇచ్చింది.

ప్రతి నెలా ఇదే వరస. పెన్షన్ నెల మొదట్లోనే పడుతుంది. తినేది ఒక్కతే. ఆ డబ్బంతా ఏమవుతోందో బాషాకు అర్థమయ్యేది కాదు. “ఫోన్‌లో కొట్టేయండి, ఇద్దరికీ శ్రమ ఉండదు” అని కూడా చెప్పి చూశాడు. “చేతికిస్తేనే ఇచ్చినట్టుంటుందండి” అంది.

అద్దె ఒక్కటే కాదు. కొళాయి కారుతోందని ఓసారి, ఫ్యాను చప్పుడు చేస్తోందని ఓసారి పిలిచేది. వెళ్లి చూస్తే పెద్ద పనేమీ ఉండేది కాదు. ఓ స్క్రూ బిగించి, టీ తాగి దిగొచ్చేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

“ఇన్నేళ్లు ఉద్యోగం చేశారు. చిన్న ఇల్లు కొనుక్కోవచ్చు కదండీ? ఇంకొల్లు రోడ్డులో రెండు గదుల ఇళ్లు కడుతున్నారు. అద్దెకు పోసింది మళ్లీ తిరిగి రాదు. కొనుక్కుంటే కనీసం గోడలైనా మిగులుతాయి.”

“కొంటే మాత్రం ఖర్చు ఆగుతుందాండీ? పన్ను కట్టాలి. రంగులు వేయించాలి. స్లాబు కారితే మనమే చూసుకోవాలి.”

“చూసుకోవాలి మరి. అయినా ఆ నిశ్చింత వేరండి. అద్దె ఇమ్మని ఎవరూ మన గడప తొక్కరు.”

“నిజమే,” అందావిడ గ్లాసు తీసుకుంటూ. “ఎవరూ రారు.”

కిందికొచ్చి జుబేదాతో చెప్పాడు. “కొనే ఉద్దేశమే లేదు. వట్టి పిసినారి.”

“పోనీలెండి,” అంది జుబేదా. “నాకు జ్వరమొస్తే రెండ్రోజులు నా పక్కనుంచి కదలకుండా చూసుకుంది. పిసినారులు అలా చేస్తారా?”

ఆ ఏడు తుఫానుకు పత్తి తడిసి నల్లబడింది. రైతుల చేతుల్లో డబ్బు ఆడలేదు. బాగుచేసిన మోటార్లు పట్టుకెళ్లే నాథుడు లేక షాపులోనే పడున్నాయి. లోను వాయిదా తప్పింది. అతను నలుగురిలో ఉండగా బ్యాంకు వాళ్లు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడారు. బాషాకు తల కొట్టేసినట్టయింది.

ఆ వారమే అనీస్ అనే కుర్రాడు ఇల్లు అడుగుతూ వచ్చాడు. కొత్తగా పెళ్లయింది, మంచి ఉద్యోగం. అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చాడు. బాషా తీసుకున్నాడు.

పైకి వెళ్లి నిలబడే చెప్పాడు. “నెలాఖరుకు ఖాళీ చేయండి సిస్టర్ గారూ.”

ఆవిడ స్టవ్ ఆపేసింది.

“కావాలంటే అద్దె పెంచుకోండి.”

“ఉన్నదే సరిగ్గా రావడం లేదు కదండీ.”

“ఇకనుంచి మొదటి తారీఖునే ఇస్తాను. మీరు మాత్రం అప్పుడప్పుడూ...” అని ఆగిపోయింది.

“అడ్వాన్సు తీసేసుకున్నానండి.”

ఆవిడ తలూపింది. మర్నాడే, అడక్కుండానే, ఆ నెల అద్దె తెచ్చి జుబేదా చేతిలో పెట్టింది.

ఖాళీ చేసే రోజున సామానంతా ఒక్క ట్రాలీ ఆటోలో పట్టేసింది. జుబేదా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, “ఒక్కతే ఎలా దించుకుంటుంది? మీరూ తోడెళ్లండి” అని మొగుణ్ణి పంపింది.

ఆటో చీరాల దాటింది. వేటపాలెంలో ఓ సందు మలుపు తిరిగి, రెండంతస్తుల ఇంటి ముందు ఆగింది. గేటు ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. వరండా నిండా ఎండుటాకులు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

బాషా ఆ ఇంటిని కిందా మీదా చూశాడు. తమ రెండు గదుల అద్దెకే నెలనెలా తిప్పించుకున్న మనిషి దీనికెలా కడుతుందో అతనికి బోధపడలేదు.

“ఇంత ఇల్లు తీసుకున్నారేంటి సిస్టర్ గారూ? అద్దె ఎంతండీ?”

జయకుమారి సంచిలోంచి తాళంచెవి తీసి, తుప్పుపట్టిన తాళంలో తిప్పుతూ అంది.

“దీనికి అద్దె ఉండదు బాషా గారూ, నా సొంతిల్లే... మీ మేడ మీదికి రాకముందు ఇందులోనే ఉండేదాన్ని, ఒక్కదాన్నే.”