ఎముక కలవని పొడి

ఆ పేస్టులో ఎముకలు నూరి కలుపుతారట. నాచ్చియార్ తమ్ముడు మదురైలో విన్నాడట. నాచ్చియార్ కుళాయి దగ్గర పక్కింటి ధనంతో అన్నదట. ధనం చంకలో బిందె కూడా దించకుండా వచ్చి సౌభాగ్యం చెవిన వేసిపోయింది.

సౌభాగ్యం చేతిలోని చేట కింద పెట్టింది. కోడిగుడ్డు పెంకు కూడా గడప దాటి రాని ఇల్లు అది. రాజపాళయం బజారులో పొన్నురంగం సరుకుల అంగడికి ఎంత పేరో, ఆ ఇంటి ఆచారానికి అంతకు రెండింతల పేరు. ఆ ఆచారానికి కావలి ఆయన పెళ్లాం సౌభాగ్యం.

అలాంటి ఇంట్లోకి కొత్త కోడలు ఇందిరాణితో పాటు ఒక పేస్టు గొట్టం దిగింది. ఆమె అన్న సింగపూరు నుంచి తెచ్చింది.

"ఏమే ఇందిరా, దీంట్లో ఎముక ఉండాదంటనే!"

"ఎవరు చెప్పినారత్తా? దీంట్లో ఉండేది ఫ్లోరైడు."

"పులోరైడో పిల్లోరైడో, ఏ జంతువుది అది?"

"జంతువు కాదత్తా, ఒక మాదిరి ఉప్పు. పండ్లు పుచ్చకుండా చూసుకుంటాది. మదురై డాక్టరు నా రెండు దవడపండ్లు పీకేసినారు గదా. దీనితో తోమకపోతే మిగిలినవీ పోతాయన్నారు."

"ఉప్పే కావాలంటే మన పొడిలో లేదా?"

'మన పొడి' అనేటప్పుడు సౌభాగ్యం గొంతుకు జరీ అంచు వచ్చేది. అంగడిలో అమ్మే ఆ పొడి పేరే సౌభాగ్యం పళ్లపొడి. చోళపురం నుంచి పొన్నురంగం తెల్లపొడి మూటలు తెప్పిస్తాడు. సౌభాగ్యం తలంటుకొని, మడిబట్ట కట్టుకొని, అందులో ఉప్పు, లవంగం, పచ్చకర్పూరం దంచి కలుపుతుంది. పొట్లం మీద నవ్వే ఆడమనిషి బొమ్మ ఆమెదే. యాభై దాటినా ఆ పళ్లు మల్లెమొగ్గలే.

"చూడు!" అని కోడలి ముందు నోరు బార్లా తెరిచింది. "మన పొడి కొండసుద్ద. భూదేవి ఇచ్చింది. ఏ డాక్టరన్నా పీకింది ఒక్కటుండాదా ఈ నోట్లో?"

"తెల్లగా తోమేది వేరే, పుచ్చకుండా కాపాడేది వేరే అత్తా," అని గొణిగింది ఇందిరాణి.

"నాకు పాఠం చెప్పొద్దు. ఎముక నోట్లో పెట్టిన మనిషి నా వంటింట్లో కాలు పెట్టకూడదు. ఆ గొట్టాన్ని పారెయ్. లేదా, దాన్ని పట్టుకొని తళవాయిపురం పుట్టింటికి పో."

పొన్నురంగం అన్నానికి వచ్చేసరికి ఇల్లు కుతకుత ఉడుకుతోంది. సంగతంతా విని నెమ్మదిగా అన్నాడు:

"పోనీవే. నోట్లో ఏది పెట్టినా పుక్కిలించి ఉమ్మేసేదే గదా."

"ఉమ్మేస్తే మైల పోతాదా?"

"అదీ గాక, నిప్పులో కాలినదానికి మైల ఏముండాది?"

"పేస్టును నిప్పులో ఎవరు కాల్చినారు?"

పొన్నురంగం మజ్జిగన్నంలోకి తల దించేశాడు. కోడల్ని వెనకేసుకొస్తున్నాడని సౌభాగ్యానికి ఇంకాస్త మండింది.

ఇందిరాణి పెట్టె సర్దుకుంది. అడ్డం పడడానికి మొగుడు ఊళ్లో లేడు, సరుకుకని విరుదునగరం పోయాడు. ఉన్న పళ్లు కూడా పోగొట్టుకొని కూర్చోవడం కంటే పుట్టిల్లే నయమనుకుంది. కళ్లు మాత్రం అప్పటికే వాచిపోయాయి.

సౌభాగ్యం కోపంలో కూడా వ్యాపారం మరిచే మనిషి కాదు. ధనం నోట పడిన మాట పొద్దుగూకేలోగా ఊరు చుట్టి వస్తుంది. పేస్టంటే ఊరు జడుసుకుంటే లాభం ఎవరికి? వెంటనే అచ్చాఫీసు చెల్లయ్యకు కబురు పెట్టింది. అతను చెవిలో పెన్సిలుతో పరుగున వచ్చాడు.

"కొత్త పొట్లం మీద, నా బొమ్మ కింద, ఇంతింత అక్షరాలతో 'ఎముక కలవనిది' అని వెయ్యి. అరవంలో ఒకసారి, తెలుగులో ఒకసారి."

"అబ్బా, ఏం మాటమ్మా! దీనితో పేస్టుకు పాడె కట్టినట్టే," అన్నాడు చెల్లయ్య. పెన్సిలు తీసి పొన్నురంగం వైపు తిరిగాడు. "వేసేద్దామా మొదలాళీ?"

"ఇప్పుడేం తొందర? పాత పొట్లాలు అయిపోనీ."

"పాతవి పొయ్యిలోకి!" అంది సౌభాగ్యం. "మన మంచిని మనమే చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు?"

"చెప్పుకోకుండానే అమ్ముడవుతుండాది గదే."

"అచ్చుకూలికి కూడా పిసినారితనమా? ఊరంతా పేస్టు పక్క పోయినాక ఏడ్చేదా?"

అప్పుడే ఇందిరాణి పెట్టె పట్టుకొని బయటికి వచ్చింది. మామ కాళ్లకు మొక్కింది.

"పోయొస్తాను మామా."

వీధి చివర తళవాయిపురం బస్సు హారను మోగింది. ఇందిరాణి గడప మీద కాలు పెట్టింది. పొన్నురంగం లేచి ఆ పెట్టె పట్టుకొని ఆపాడు.

"దాన్ని పోనీండి," అంది సౌభాగ్యం. "ముందు చెల్లయ్యకు చెప్పండి. వెయ్యాలా, వద్దా?"

పొన్నురంగం కోడలి పెట్టె వదలకుండానే చెల్లయ్య వైపు చూశాడు.

"ఆ మాట మాత్రం వెయ్యొద్దు చెల్లయ్యా, ఇరవై ఏండ్లుగా మా ఇంటిది పండ్లు తోముకుంటుండేదే కాల్చిన ఎముకతో."