ఒక సైజు తక్కువ

"అక్కా, ఈ సైజుల గోల నాకు అర్థం కాదు. నువ్వే చూసి చెప్పు," అంటూ చిన్నకోడలు తన ఫోను తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టింది.

తెల్లటి స్నీకర్స్. పెద్దకోడలికి కడుపు మండింది. మొన్న కొత్త వాచీ, నిన్న ఉంగరం, ఇవాళ ఇవి. తనకేమో అరిగిపోయిన చెప్పులు.

కొన్నవాళ్లు కింద రాసినవన్నీ ఓపిగ్గా చదివింది. ఈ రకం బిగుతుగా వస్తుందట, ఒక సైజు పెద్దది తీసుకోవాలట. ఒకామె వారానికే సోల్ ఊడిపోయిన జోడును ఫొటో తీసి మరీ పెట్టింది.

"ఎలా ఉన్నాయక్కా?"

"రాయిలా చెక్కుచెదరవు. నీ సైజెంత?"

"ఆరు."

"అయితే ఐదు తీసుకో. వేసుకుంటూ ఉంటే సాగుతాయి."

చిన్నకోడలు అక్కడికక్కడే ఆర్డరు పెట్టేసింది. "వెనక్కి తీసుకోరని రాసుంది. అయినా నువ్వు చూశాక ఇంకేం భయం?"

పెద్దకోడలి ప్రాణం కుదుటపడింది. "ఎప్పుడొస్తాయి?"

"ఎల్లుండి. వాటితోనే పనికి వెళ్లు. రోజంతా నిలబడి మడమలు నొప్పులని మూలుగుతావుగా! మనిద్దరి పాదాలూ ఒకటే కాబట్టి సరిపోయింది. లేకపోతే నీకు తెలియకుండా కొలవడం నా వల్లయ్యేదా?"

శిక్ష ఇంత త్వరగానా దేవుడా, అనుకుంది పెద్దకోడలు. సైజు మార్చమంటే ఎందుకని అడుగుతుంది.

"ఏంటక్కా, నచ్చలేదా?"

"అయ్యో, నచ్చకేం!" అంది. ఆమె కాలివేళ్లు అప్పుడే దగ్గరికి ముడుచుకున్నాయి.